కీపర్ ముందుకొచ్చిన ఆదివారం

యతిరాజులు నాకు చేసిన అన్యాయాన్ని పోయిన వారం చదివి ఈపాటికి మరిచిపోయినవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం మళ్లీ చెబుతాను. చెప్పడానికి నాకేమీ విసుగు లేదు.

సౌకార్‌పేటలో స్టీలు పాత్రల కొట్టు పెట్టుకుని, తొండియార్‌పేటలో మా జాలీ ఫ్రెండ్స్ టీముకి కెప్టెనుగా ఊరేగే ఈ యతిరాజులు, మొన్నటి మ్యాచ్‌లో నా బౌలింగులో మూడు క్యాచులు నేలపాలు చేశాడు. మూడూ స్లిప్‌లోనే. బ్యాటు అంచుకి తగిలిన బంతి వెనకాల నిలబడ్డ వీడి చేతుల్లో పడాలి. వీడేమో కాళ్ల ముందు చిల్లర పోగొట్టుకున్నవాడిలా నేల తడుముకుంటూ ఉండిపోయాడు. మ్యాచ్ ఎలాగో గట్టెక్కింది. ఆట అయ్యాక అందరి ముందూ వాణ్ణి నిలదీశాను. ఏమన్నానో పోయిన వారం రాశాను, పత్రికవాళ్లు సగం కొట్టేశారు. వాడు మాత్రం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడు.

"బంతి నా దాకా వస్తే గదరా పట్టేది."

అంతటితో ఊరుకోలేదు. మాధవరం టీముతో సెమీఫైనల్లో కొత్త బంతి తనీష్ చేతికి ఇస్తానన్నాడు. తనీష్‌కి ఇంకా మీసం సరిగా రాలేదు. "నువ్వు గేటు కొసనించి వెయ్యి చలపతీ. కీపింగుకి సెల్వం స్టంపుల కాడ నిలబడతాడు. పనికొచ్చినావా, ఫైనల్లో ఉంటావు. లేదంటే వచ్చే ఏడాది నించి అంపైరు కోటు నీదే" అన్నాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

క్రికెట్ ఎరగనివాళ్లకి ఇందులో ఉన్న అవమానం తెలియదు. మా గ్రౌండుకి తూర్పున సముద్రం. మధ్యాహ్నం కాగానే అటునుంచి గాలి లేస్తుంది. ఫాస్ట్ బౌలర్లు సముద్రం కొస నుంచే వేస్తారు, గాలి వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. రైలు గేటు ఉన్న రెండో కొస నుంచి వేస్తే గాలి మొహాన కొడుతుంది. ఆ కొస స్పిన్నర్లకీ, ఎందుకూ కొరగానివాళ్లకీ. ఇక కీపర్ సంగతి. బౌలర్ ఎంత వేగమో కీపర్ అంత దూరంలో నిలబడతాడు. ఫాస్ట్ బౌలరు వేస్తుంటే కీపర్ స్టంపులకి ఆనుకుని నిలబడ్డాడంటే, పోలీసువాణ్ణి లాఠీ ఇంట్లో పెట్టి డ్యూటీకి రమ్మన్నట్టే.

హార్బర్లో కంటైనర్లు కదలకుండా ఇనప కడ్డీలు బిగించే పని నాది. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాడికి ఇంకేం పని ఇస్తారు? అక్కడ నాకు పేరు లేదు. మేస్త్రీ ఈల వేస్తే పోవాలి, ఇంకోసారి వేస్తే రావాలి. ఆదివారం మాత్రం తొండియార్‌పేట అంతా నన్ను మెయిల్ చలపతి అంటుంది. మెయిలు బండంత వేగమని పెట్టిన పేరు. నలభై రెండేళ్లు వచ్చాక నాకంటూ మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని గేటు కొసన పాతిపెట్టాలని యతిరాజులు ఎత్తు.

ఆదివారం అందరికన్నా ముందే గ్రౌండుకి పోయాను. సెల్వం అప్పటికే వచ్చి తన ఆటో వెనక సీట్లో కూర్చుని కాళ్లకి ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. నా మొదటి మ్యాచ్ నుంచీ నాకు కీపర్ వాడే. నా బంతి పట్టీ పట్టీ వాడి వేళ్లు అల్లం కొమ్ముల్లా అయ్యాయి.

"ఏందిరా సెల్వం, వాడు చెప్పినాడని స్టంపుల కాడికి వస్తావా?"

వాడు తలెత్తలేదు. "వస్తా."

"నా బౌలింగుకా?"

"ఇంకెవురి బౌలింగుకి?"

"మూతి పళ్లు రాలతాయి."

"రాలేటివైతే ఈపాటికే రాలుండాల్లే మచ్చీ."

నాకు తల తిరిగిపోయింది. వాడి సంచిలోంచి బంతి లాక్కున్నాను. "లెయ్. పోయి నీ పాత చోట నిలబడు. ఆడనించి కదిలినావంటే నేను ఊరుకోను. ఇప్పుడే తేలిపోతాది."

సెల్వం నా వంక ఒక్క క్షణం చూశాడు. గ్లవ్స్ తొడుక్కుని నడిచాడు. స్టంపులకి చాలా వెనక, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ లేడు, జనం లేరు, గాలి కూడా ఇంకా లేవలేదు. సముద్రం కొస నుంచి పూర్తి పరుగు తీసుకుని, ఒంట్లో ఉన్నదంతా పెట్టి వేశాను.

బంతి స్టంపులు దాటింది. దాటి, సెల్వం ముందు నేల మీద పడింది. ఇంకోసారి పడింది. దొర్లుకుంటూ పోయి వాడి బూటుకి తగిలి ఆగింది. వాడు వంగలేదు.

"నేల తడిగా ఉంది" అన్నాను.

వాడు బంతి వెనక్కి విసిరాడు. మళ్లీ వేశాను. మళ్లీ దొర్లింది.

"బంతి పాతది."

"ఊ."

"బూటు జారింది."

"జారతాది" అన్నాడు సెల్వం. అప్పుడు కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేవాణ్ణి, అంతటితో పోయేది. వాడు నిదానంగా నా దగ్గరికి నడిచొచ్చి, గ్లవ్స్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"విను చలపతీ. నువ్వు వీపు తిప్పి నీ మార్కు కాడికి నడుస్తావే, అప్పుడు నేను ఆ పాత చోటే ఉంటా. నువ్వు తిరిగి చూస్తే ఆడనే కనిపిస్తా. పరుగు మొదలుపెట్టినాక నీ కండ్లు ఆఫ్‌స్టంపు మీదనే ఉంటాయి, ఇంకేం చూడవు. అప్పుడు నేను నడిచి ముందుకొస్తా. బంతి పట్టుకుంటా. నువ్వు తిరిగేలోపల వెనక్కి పోతా."

"ఎన్నాళ్ల నించి?"

"మా షాలిని పదో క్లాసు చదివేటప్పటి నించి."

సెల్వం కూతురు షాలిని ఇప్పుడు కాలేజీ ముగించబోతోంది.

"ఎందుకు చెప్పలా?"

"ఎట్టా చెప్పేదిరా? కొత్త పిల్లోళ్లు టీములోకి వస్తే 'మెయిలు వస్తాంది, వెనక్కి జరగండి' అని అరిచేది నేనే గదా. నేనే పోయి ముందు నిలబడితే ఏం బాగుంటాది?"

నా నోటికొచ్చిన మొదటి మాట యతిరాజులు మీదికే పోయింది. "నువ్వు ముందుకొచ్చినావు సరే. వాడెందుకు రాలా? మూడు క్యాచులు..."

"రాజులన్న కదిలితే నీకు కనబడదా? ఆ పొట్ట కదిలిందంటే మాధవరం బస్ స్టాండు దాకా తెలుస్తాది" అన్నాడు సెల్వం. "అందుకని కదలకుండా పాత చోటే నిలబడినాడు. అంచు తగిలి కింద పడేటివి పడనీ, తిట్లు నేను తింటాలే అన్నాడు. ఎన్నేండ్లు తిన్నాడో నీకు తెలవదు. మొన్న కొంచెం ఎక్కువయినాయి, అంతే."

కథల్లో అయితే ఇక్కడ కళ్లు చెమ్మగిల్లాలి. నాకు ఒళ్లు మండింది. ఇంతమంది కలిసి నన్ను చిన్నపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించారు. అవుటైపోయినా బ్యాటు వదలని పిల్లాడికి 'సరేలే, ఇంకొక్క బంతి ఆడు' అంటామే, అట్లా. వికెట్ పడిన ప్రతిసారీ నేను చేతులెత్తి అరిచిన అరుపులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బంతి నేలకేసి కొట్టాను.

"నేను ఇంటికి పోతాండా. ఆ కోటేదో వాణ్ణే తొడుక్కోమను."

"పో. ఎవురు పట్టుకున్నారు?" సెల్వం బంతి ఏరుకుని ప్యాంటుకి తుడిచాడు. "కానీ ఒకటి. ఇన్నేండ్లుగా నీ బంతి దూరం నించే చూసినా. అది పడేది, తిరిగేది, ఏదీ సరిగా కనబడదు. ఒక్కసారి దగ్గర నించి చూడనీరా. ఆమీద నువ్వు పో, నేనే ఆటోలో దింపుతా."

ఆ మాటకి ఎందుకు ఆగిపోయానో ఇప్పటికీ చెప్పలేను.

మధ్యాహ్నం మాధవరంవాళ్లు బ్యాటింగుకి వచ్చేసరికి సముద్రపు గాలి లేచింది. మేము కొట్టింది నూట నలభై ఒకటి. చాలీచాలని స్కోరు. కొత్త బంతి తనీష్ తీసుకున్నాడు. పరుగు కొలుచుకుంటూ నా వంక చూసి, "అంకుల్, ఆ తుడుపు గుడ్డ ఇట్లా వెయ్యండి" అన్నాడు. వేశాను. మొహానికి వేశాను.

పదకొండో ఓవర్ అయ్యాక యతిరాజులు బంతి నా చేతికి ఇచ్చి, గేటు వైపు చెయ్యి చూపించాడు. నేను వాడి మొహం చూడలేదు. వాడూ నాది చూడలేదు. గేటు కొసన నిలబడేసరికి గాలి చొక్కాని ఛాతీకి అతికించేసింది. ఎదురుగా సెల్వం, ప్యాడ్లు స్టంపులకి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు. గ్రౌండు బయట టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. మెయిలు చావు చూడ్డానికి.

బ్యాటింగులో ఉన్నది చక్రవర్తి, మాధవరంవాళ్ల ఓపెనరు. మా వాడే, ఇంట్లో తెలుగే. అందుకే ఎగతాళి కూడా తెలుగులోనే చేస్తాడు. సెల్వాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసి, "ఏమన్నా, మెయిలు ప్యాసింజరైపోయిందా? ఇంక అన్ని స్టేషన్లలో ఆగతాదా?" అన్నాడు. అంపైరు కూడా దగ్గినట్టు నటించి నవ్వాడు.

పళ్లు కొరికి, పాత వేగం కోసం భుజం ఊడిపోయేలా వేశాను. చక్రవర్తి ఒక అడుగు ముందుకేసి గేటు మీదుగా కొట్టాడు. తర్వాతిది లెగ్ వైపు పోయి సెల్వం గుండెకి తగిలింది. వాడు రొమ్ము రుద్దుకుంటూ పిచ్ సగం దాకా నడిచొచ్చాడు.

"నీ పగ వాడి మీదనా, నా మీదనా?"

"దగ్గర నించి చూస్తానంటివి గదా. చూడు."

"డేయ్, సుమ్మా ఉండు, ఊరుకో. కండ్లు తెరిచి వెయ్యి."

మూడో బంతికి అరచెయ్యంతా చెమట. కడ్డీలు బిగించి కాయలు కాసిన చేతిలో బంతి వేళ్ల కొసల నుంచి జారి లోపలికి పోయింది. పరుగు మధ్యలో ఉన్నాను, సర్దుకోవడానికి లేదు. చెయ్యి ఎప్పట్లాగే బలంగా తిరిగింది. బంతి మాత్రం ఏదో మరిచిపోయి వెనక్కి చూసుకున్నట్టు బద్ధకంగా బయల్దేరింది. పోయింది, సిక్సరే అనుకున్నాను. దాన్ని ఎదురుగాలి పట్టుకుంది. ఒక క్షణం అక్కడే ఆపినట్టు పట్టుకుని, అనుకున్న చోటికన్నా ముందే కిందికి దింపేసింది. చక్రవర్తి బ్యాటు ఊపడం అయిపోయింది. ఆ తర్వాత బంతి తీరిగ్గా వాడి పక్కనుంచి పోయి సెల్వం చేతుల్లో పడింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. జారిన బంతి కదా, టీ కొట్టు దగ్గర ఈలలు వేశారు. సెల్వం మాత్రం మళ్లీ నడిచొచ్చాడు. ఈసారి పరుగులాంటి నడక.

"ఏం చేసినావు?"

"జారింది."

"మళ్లా జార్చు." వాడి కళ్లు ఎప్పుడూ లేనంత పెద్దవయ్యాయి. "బ్యాటు వచ్చి పోయినాక వచ్చింది బంతి. నా ముక్కు ముందరే. వాడు నీ చెయ్యి చూసి కొడతా ఉండాడురా, బంతిని చూసి కాదు. చెయ్యి మెయిలే. బంతి గూడ్సు బండి. గాలి ఇంకా బ్రేకు వేస్తాంది. వెనకనించి చూస్తే ఇదంతా ఏం కనబడుతాది?"

సముద్రం కొస నుంచి వేసుంటే ఆ బంతి తిన్నగా బ్యాటు మీదికి పోయేది. నన్ను శిక్షించడానికి ఇచ్చిన కొస. నాకు నవ్వొచ్చింది. యతిరాజులు చూస్తాడని మింగేశాను.

తర్వాతి బంతిని అరచేతిలోకి కావాలనే తోసి, చెయ్యి పాత కోపంతోనే తిప్పాను. వేగం తగ్గించాలంటే చెయ్యి నెమ్మదిగా తిప్పాలని ఎవరైనా అనుకుంటారు. నెమ్మదిగా తిప్పితే పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. చెయ్యి అబద్ధం చెప్పాలి, నిజం అరచేతిలో ఉండాలి. అది పట్టుబడటానికి ఆ ఓవరూ, దాని తర్వాతి ఓవరూ సరిపోయాయి. ఒకటి అటు పోయింది, ఒకటి మరీ పొట్టిగా పడి నాలుగు పరుగులు తెచ్చింది. మూడో ఓవర్లో చక్రవర్తి విసుగెత్తి, ముందులాగే పెద్ద అడుగు ముందుకేశాడు.

బంతి ఇంకా రాలేదు. వాడు వచ్చేశాడు. వాడు ఆగాలనుకునేసరికి అది వాడి బ్యాటు కింద దిగి, కొంచెం లోపలికి తిరిగి, దాటిపోయింది. సెల్వం చేతులు ఎప్పుడు కదిలాయో నేను చూడలేదు. రెండు బెయిల్స్ నేల మీద ఉన్నాయి. అంపైరు వేలు పైన ఉంది.

స్టంపింగ్. ఇన్నేళ్లలో నా బౌలింగులో మొదటిది. క్రీజు దాటినవాడు వెనక్కి తిరిగేలోపల బెయిల్స్ పడగొట్టాలి, కీపర్ దూరంగా ఉంటే స్టంపింగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బౌల్డ్ చేస్తే స్టంపు ఎగిరే చప్పుడు ఉంటుంది, అది నాకు తెలుసు. దీనికి చప్పుడే లేదు. చక్రవర్తి పోతూ పోతూ నా పక్క ఆగి, "ఇది మోసం అన్నా" అన్నాడు.

"ప్యాసింజర్లో పరుగెత్తకూడదు నైనా, పడతావు" అన్నాను.

స్లిప్ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. యతిరాజులు సెల్వం పక్కనే, రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అందరూ గంతులేస్తుంటే వాడు మాత్రం వంగి గడ్డి పీకుతున్నాడు. లేచినప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. చెమట అయ్యుండొచ్చు.

నా ఓవర్లలో ఇంకో ఇద్దరు పోయారు. తనీష్ బౌండరీ దగ్గర నా పక్కకి చేరి, "అంకుల్, అది ఎట్లా వేస్తా ఉండారు?" అన్నాడు.

"ముందు అన్నా అను."

"అన్నా."

"నలభై దాటినాక రా. చెప్తా."

ఆట ఇట్లా సాఫీగా ముగిసిపోయుంటే నేను ఈ వారం సుఖంగా నిద్రపోయేవాణ్ణి. చివరికి మాధవరంవాళ్లకి ఆరు పరుగులు కావాలి, ఒకే వికెట్ మిగిలింది. ఆఖరి ఓవర్ నాది, యతిరాజులు దాచిపెట్టాడు. దానికి ముందు ఓవర్ తనీష్‌ది. సముద్రం కొస నుంచి వాడు గాలి తోడుతో వేసిన ఆఖరి బంతి గుంతలో పడి లేచింది. దూరంగానే ఉన్నా సెల్వం చెయ్యి తీసుకోలేకపోయాడు. వాడు గ్లవ్ విదిలించి తీసేసరికి బొటనవేలు పక్కకి తిరిగి ఉంది.

అందరం మూగాం. సెల్వం మొహం బూడిదలా ఉంది. వేలుకి తడి గుడ్డ చుట్టించుకుంటూ కూడా నాతోనే మాట్లాడుతున్నాడు. "ఎవురో ఒకరు దగ్గరగా నిలబడాల. దూరంగా ఉంటే ఆ ముత్తురాజ్ గాడు క్రీజు దాటి నిలబడి నిన్ను ఎత్తి కొడతాడు. ఒక్కటి తగిలితే అయిపోయింది."

మాధవరం బ్యాట్స్‌మన్ ముత్తురాజ్ అవతల బ్యాటు నేలకి తట్టుకుంటూ వింటున్నాడు. నిజం వాడికీ తెలుసు.

"కార్తీ, గ్లవ్స్ తీసుకోరా" అన్నారెవరో. కార్తీ బొటనవేలు చూశాడు, సెల్వాన్ని చూశాడు. "వెనక్కి నిలబడమంటే నిలబడతా" అన్నాడు. తక్కినవాళ్లు బూట్ల లేసులు చూసుకున్నారు. స్టంపుల దగ్గర నిలబడటం ఎవరికీ రాదు. ఇన్నేళ్లుగా ఎవరికీ అవసరం పడలేదు, నా మూలానే.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి సెల్వం ఒళ్లోని గ్లవ్స్ తీసుకుంది. యతిరాజులు. వేలికున్న ఉంగరం తిప్పి తిప్పి లాగి జేబులో వేసుకున్నాడు.

"నువ్వా?" అన్నాను. వారం తర్వాత వాడితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"నేనే."

"ఎప్పుడైనా కీపింగ్ చేసినావా?"

"లేదు."

"మొహానికి తగిలితే?"

"తగలనీరా. నీ నోటి దెబ్బల కన్నానా?" అని ప్యాడ్లు కట్టుకోవడానికి వంగాడు. పొట్ట అడ్డొచ్చింది. సెల్వం మంచి చేత్తో వాడికి పట్టీలు బిగించాడు. యతిరాజులు తలెత్తకుండానే అడిగాడు. "జారే బంతి ఏదో, జారనిది ఏదో నాకెట్టా తెలుస్తాది చలపతీ?"

చెప్పాలంటే నేను వాడికి గుర్తు చెప్పాలి. ఆ గుర్తు సెల్వానికి కూడా ఇంకా చెప్పలేదు. జాలీ ఫ్రెండ్స్ అంతా నా మొహం చూస్తున్నారు. ముత్తురాజ్ చెవి ఇటే ఉంది. వాడి దగ్గరికి పోయి, ఆ లావు మెడ మీదికి వంగి, చెవిలో చెప్పాను. యతిరాజులు తలూపాడు.

గేటు కొసకి నడిచి, మార్కు దగ్గర తిరిగి నిలబడ్డాను. గాలి ఇంకా మొహాన కొడుతూనే ఉంది. ముత్తురాజ్ అప్పుడే క్రీజు బయట ఒక కాలు పెట్టి, వెనక ఎవరొస్తున్నారో చూసి నవ్వాడు. సముద్రం కొస స్టంపులకి చాలా వెనకనుంచి, ఒకప్పుడు నా బౌలింగుకి అందరూ నిలబడ్డంత దూరం నుంచి, యతిరాజులు బయల్దేరాడు. ఇన్నేళ్లలో నేను పోగొట్టుకున్న నేల పదహారు గజాలు. వాడు ఆ పదహారు గజాలూ అందరూ చూస్తుండగా నడిచి, స్టంపుల వెనక గొంతుక్కూర్చుని, నాకు చేతులు చాపాడు.